వెంట్రుకలు రాలిన ఎర్రని మచ్చ: కుష్ఠువ్యాధా, క్యాన్సరా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారములు. మా పెద్దబ్బాయికి 11 ఏళ్లు. అయిదు నెలల క్రితం ఎడమ కనుబొమ చివర రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ లేచి, దానిమీద గరుకు పొక్కులు వచ్చి, అక్కడి వెంట్రుకలు రాలిపోయాయి. పేనుకొరుకుడని మా అత్తగారు గురివింద గింజ అరగదీసి రాశారు. తరువాత తామరేమోనని మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాశాము. రాసినన్నాళ్లు ఎరుపు తగ్గింది, మానగానే మళ్లీ వచ్చింది. కుష్ఠు కావచ్చని ఒకరు భయపెట్టారు. చివరకు చర్మవైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే ‘ఫాలిక్యులర్ మ్యూసినోసిస్’ అని రిపోర్టు వచ్చింది. ఫోనులో వెతికితే క్యాన్సర్ అని కనబడింది. ఇది అంటుకుంటుందా? చిన్నవాడిని వేరే గదిలో పడుకోబెడుతున్నాము. కనుబొమ తిరిగి వస్తుందా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా చిన్నవాడిని ఈ రాత్రే అన్న పక్కన పడుకోనివ్వండి. ఇది క్రిముల వల్ల వచ్చేది కాదు. తువ్వాలు వల్లగానీ దువ్వెన వల్లగానీ ఒకరినుంచి ఒకరికి సోకదు. బడి మాన్పించవలసిన అవసరమూ లేదు.

1957లో హెర్మన్ పింకస్ అనే చర్మవైద్యుడు ఈ వ్యాధిని మొదటిసారి వివరంగా వర్ణించారు. వెంట్రుక కుదురు చుట్టూ ఉండే పొర కణాల మధ్య మ్యూసిన్ అనే జిగురు పదార్థం పేరుకుంటుంది, చుట్టూ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చేరి వాపు తెస్తాయి, పట్టు తప్పిన వెంట్రుక రాలిపోతుంది. మీరు చూసిన గరుకు పొక్కులు అలా ఉబ్బిన కుదుళ్లే. ఎందుకు ఇలా జరుగుతుందన్నది వైద్యశాస్త్రానికి ఇంకా తేలలేదు కనుక, తినిపించిన తిండినో రాసిన నూనెనో తలచుకొని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

కుష్ఠు గురించి అడిగినవారు తప్పు చేయలేదు. మన ప్రాంతంలో ముఖంమీద మానని మచ్చ, రాలిన కనుబొమ కనబడితే ఏ వైద్యుడైనా ముందు దానినే తోసిపుచ్చాలి. స్పర్శ తగ్గిందా, నరాలు లావెక్కాయా అని చూస్తారు. అయితే ముఖానికి నరాల సరఫరా ఎక్కువ కావడంతో అక్కడి కుష్ఠు మచ్చలోనూ స్పర్శ మిగిలి ఉండవచ్చు. అందుకే ముక్క పరీక్ష చేయించడం మంచిదైంది. ఒకవేళ కుష్ఠే అయినా, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే మందులతో పూర్తిగా నయమయ్యేది, దాచుకోవలసిన జబ్బు కాదు.

గురివింద మాత్రం ఇక వద్దు. ఆ గింజలోని అబ్రిన్ తీవ్రమైన విషం; కంటి దగ్గర రాస్తే కన్నే దెబ్బతినవచ్చు. షాపు ట్యూబుతో ఎరుపు తగ్గి, మానగానే తిరగబెట్టిందన్నారు కనుక అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివి తామరను లోలోపల పెంచుతాయి, ముఖచర్మాన్ని పలుచన చేస్తాయి, బయాప్సీలో, అంటే ముక్క పరీక్షలో, కనబడవలసిన ఆనవాళ్లను మసకబారుస్తాయి. ఆ ట్యూబు పేరు, వాడిన కాలం మీ వైద్యునికి తప్పక చెప్పండి.

ఇక మీ నిద్ర చెడగొట్టిన మాట. మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మపు లింఫోమాలోనూ కుదుళ్లలో ఇదే జిగురు చేరవచ్చు; ఫోనులో కనబడిన క్యాన్సర్ అది. ఒకటి రెండు మచ్చలే ఉండి, ఆరోగ్యంగా తిరుగుతున్న పిల్లలలో, సూక్ష్మదర్శినిలో వికృత కణాలు లేనప్పుడు, ఈ వ్యాధి చాలావరకు 2 నెలల నుంచి 2 ఏళ్లలో తనంత తానే తగ్గిపోతుంది. అలాగని ఒక్క రిపోర్టుతో ఫైలు మూసేయమని నేను చెప్పను. లింఫోసైట్లు ఒకే మూలకణం నుంచి పుట్టాయా అని చూసే జన్యుపరీక్ష కూడా హానిలేని మచ్చలలో ఒక్కోసారి అనుమానం రేపుతుంది. కాబట్టి ఏ ఒక్క పరీక్షా తుదితీర్పు కాదు. కొన్ని నెలలకొకసారి అదే వైద్యునికి చూపించడం, ఒకే వెలుతురులో ఫొటోలు తీసి ఉంచడం, ల్యాబులోని స్లైడ్లను, తీసిన ముక్కను నిలవ ఉంచిన మైనపు దిమ్మెను భద్రపరచమని అడగడం ఈ జబ్బులో మందుతో సమానమైన పనులు. కొత్త మచ్చలు పుట్టినా, ఉన్నది దళసరెక్కినా, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలినా మళ్లీ ముక్క తీయవలసి రావచ్చు.

అందరికీ పనిచేస్తుందని రుజువైన మందు ఒకటంటూ లేదు. పిల్లలలో కొంతకాలం వేచి చూడటం కూడా వైద్యమే. అవసరమైతే తక్కువ శక్తిగల స్టెరాయిడ్ పూత, కొందరికి డాప్సోన్ అనే మాత్ర ఇస్తారు. డాప్సోన్‌కు ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉందేమో చూసే రక్తపరీక్ష తప్పనిసరి. కుదుళ్లు నశించకపోతే కనుబొమ తిరిగి వస్తుంది. చర్మం నునుపుగా మెరుస్తూ రంధ్రాలు మాయమైతేనే ఆశ తగ్గుతుంది. మీరు చెప్పిన గరుకుదనాన్ని బట్టి ఆ దశ రాలేదనిపిస్తోంది.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మూడేళ్లుగా మెడ, వీపు, తొడలపై విపరీతమైన దురదతో దళసరి ఎర్రమచ్చలు, వాటిపై వెంట్రుకలు లేవు. రెండేళ్ల క్రితం బయాప్సీలో ఫాలిక్యులర్ మ్యూసినోసిస్ అన్నారు. దురద మాత్రలతో నెట్టుకొస్తున్నాను. ఇంకేమైనా చేయాలా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: చేయాలి, వెంటనే. మీ వయసులో ఎక్కువచోట్ల, ఏళ్ల తరబడి దురదతో ఉన్న మచ్చలను పిల్లల ఒంటరి మచ్చతో సమానంగా చూడకూడదు. పాత బయాప్సీని నమ్ముకొని కూర్చోకుండా రెండు మూడు మచ్చలనుంచి, కుదుళ్ల లోతు వరకు మళ్లీ ముక్కలు తీయించి, ముక్కలోని కణాలు ఏ రకానివో ప్రత్యేక రంగులతో గుర్తించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష చేయించండి. లింఫు గ్రంథులను చేతితో పరీక్షించాలి, రక్తపరీక్షలు చేయాలి. ఒకవేళ మైకోసిస్ ఫంగాయిడిస్ అని తేలినా అది సాధారణంగా నెమ్మదిగా నడిచేది, కాంతిచికిత్స వంటి మార్గాలున్నవి. అయితే కుదుళ్లలో చేరిన రకం లోతుగా ఉండటం వల్ల పైపూతలకు అంత తేలికగా లొంగదు, అందుకే ఆలస్యం చేయకూడదు. వైద్య కళాశాల ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లండి. పాత స్లైడ్లను, ఇంతవరకు వాడిన మందుల చీటీలను వెంట తీసుకువెళ్లండి.