లూసియానా ఫ్రెంచ్‌కు బారీ జాన్ ఆన్సలే చేసిందేమిటి?

ఫ్రెంచ్ లెక్చరర్లు ఎంతోమంది ఉండగా అమెరికాలో బారీ జాన్ ఆన్సలే పేరే ఎందుకు వినిపిస్తుందని అడిగారు. ముందు నేపథ్యం చెప్పాలి. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు కెనడా తూర్పు తీరంలో స్థిరపడిన ఫ్రెంచ్ సంతతి వాళ్లను, అంటే అకాడియన్లను వెళ్లగొట్టారు. వాళ్లలో కొందరు ఇప్పటి అమెరికా దక్షిణ రాష్ట్రమైన లూసియానా చేరారు. కేజన్లంటే వాళ్ల సంతతే. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లిష్‌నే బోధనా భాషగా చేసింది. ఫ్రెంచ్ మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడేవి. ఆ అవమానం తమ పిల్లలకు వద్దని చాలామంది తల్లిదండ్రులు ఇంట్లో కూడా ఫ్రెంచ్ మానేశారు. అసలు దెబ్బ అదే.

1951లో పుట్టిన ఆన్సలే లూసియానాలోని లఫాయెట్ నగరంలో ఉన్న యూనివర్సిటీలో ఫ్రెంచ్, జానపద విజ్ఞానం బోధించారు. పారిస్ ఫ్రెంచే అసలైనదని, ఊళ్లో ముసలివాళ్లది పనికిరానిదని అనుకునే రోజుల్లో ఆయన ఆ ముసలివాళ్ల దగ్గరికే టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్లారు. కేజన్ల కథలు, పాటలే కాదు, అక్కడ ఫ్రెంచ్ మాట్లాడే నల్లజాతి వాళ్లైన క్రియోల్‌లవి కూడా సేకరించి యూనివర్సిటీ ఆర్కైవ్‌లో చేర్చారు. 1974లో లఫాయెట్‌లో జరిగిన కేజన్ సంగీత కచేరీ నిర్వాహకుల్లో ఆయనొకరు. అదే తర్వాత ఏటా జరిగే పండుగైంది.

నా దృష్టిలో అంతకంటే పెద్ద పని 1980లో మాంట్రియల్‌లో వచ్చిన ‘క్రి సుర్ ల బాయు’ కవితా సంకలనం. మాటల్లోనే తప్ప రాతకు పనికిరాదన్న భాషలో కొత్త కవిత్వం! అందులో ఆయన జాన్ ఆర్సెనో అనే కలం పేరుతో రాశారు. బడిలో ఫ్రెంచ్ మాట్లాడనని పిల్లల చేత పదేపదే రాయించిన ఇంపొజిషనే అక్కడ ఒక కవితకు వస్తువైంది.