కెమెరా ఆపేసిన సహోద్యోగిని ఎలా పలకరించాలి?

ప్రశ్న: నా వయసు 44. ఓ యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సెక్షన్ ఆఫీసర్‌ని. నా కింద తొమ్మిది మంది ఉన్నారు. ఏడాదిగా మేమంతా చాలావరకు ఇంటి నుంచే పనిచేస్తున్నాం. ‘ఇంట్లో కూర్చుని ఎవరూ పనిచేయడం లేదు’ అని పైనుంచి మాట రావడంతో రోజూ ఉదయం కెమెరా ఆన్ చేసి హాజరు వేసుకోవాలని, సాయంత్రం ఎవరేం చేశారో రిపోర్టు పంపాలని పెట్టాను. అప్పట్నుంచి వాట్సాప్ గ్రూపులో ‘ఓకే మేడమ్’ తప్ప ఇంకో మాట లేదు. పదేళ్లుగా ఎంతో శ్రద్ధగా పనిచేసిన ఓ సహోద్యోగి రెండు నెలలుగా కెమెరా ఆపేస్తున్నారు. మార్కుల నమోదులో తప్పులు దొర్లుతున్నాయి. గట్టిగా అడిగితే ‘ఏం లేదు మేడమ్’ అంటారు. ఇంకొకామె చంటిబిడ్డ తల్లి. అర్ధరాత్రి ఒంటిగంటకు మెయిల్స్ పంపుతోంది. నేనూ రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తూనే ఉంటాను. ‘ఇంట్లోనే ఉంటావు, కానీ ఉండవు’ అంటున్నారు మావారు. కింది వాళ్లను చూసుకోవాలా, పని రాబట్టాలా? ఒక్కోసారి లాప్‌టాప్ ముందే ఏడుపొచ్చేస్తోంది. – ఓ సోదరి

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ ‘ఏం లేదు మేడమ్’ అన్న మాట. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు. ఇది మాత్రం ఆగకూడదు.

పదేళ్లు ఒళ్లు దగ్గరపెట్టుకుని పనిచేసిన మనిషి ఉన్నట్టుండి బాధ్యత మరిచిపోరు. ఆయన ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఉండొచ్చు, అప్పులు కావొచ్చు, భార్యాభర్తల మధ్య గొడవలు కావొచ్చు, డిప్రెషన్ కావొచ్చు. అందరూ ఆఫీసుకు వస్తున్న రోజుల్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు పసిగట్టేవారు. ముఖం వాడిపోవడం, భోజనాల దగ్గరికి రాకపోవడం, పక్క సీటు వాళ్లతో మాటలు తగ్గిపోవడం ఎవరి కంటా పడకుండా పోవు. ఇప్పుడు మీకు ఆయన నుంచి అందేది ఓ ఫైలు, అందులోని తప్పులు, అంతే. మనిషి కనబడక తప్పు మాత్రమే కనబడుతుంటే ఎంత మంచివాళ్లకైనా గొంతు గట్టిపడుతుంది.

రేపే ఆయనకు ఫోన్ చేయండి. వీడియో కాల్ వద్దు, మామూలు ఫోన్ చాలు. ముఖం చూపించాల్సిన పని లేనప్పుడు మనసు విప్పడం కాస్త తేలిక. ముందుగా ఓ మెసేజ్ పెట్టండి: ‘రేపు పదింటికి ఓ పావుగంట మాట్లాడుకుందామా? ఆఫీసు పని గురించి కాదు, ఊరికే మిమ్మల్ని పలకరిద్దామని’. ఆ రెండో వాక్యం తప్పనిసరి. పై అధికారి నుంచి ‘ఓసారి ఫోన్ చేయండి’ అని పొడిగా మెసేజ్ వస్తే, అసలే కుంగి ఉన్న మనిషికి ఆ రాత్రి కంటి మీద కునుకుండదు.

ఫోన్లో మార్కుల ఊసెత్తకండి. మీరు చూసింది చూసినట్టు చెప్పండి. ‘కొన్నాళ్లుగా మీరు మునుపటిలా లేరనిపిస్తోంది. మీటింగుల్లోనూ మాట్లాడటం లేదు. పని సంగతి అలా ఉంచండి, మీరెలా ఉన్నారు?’ అని అడిగి ఆగండి. తొందరపడేది ఇక్కడే. అవతలి నుంచి కాసేపు మాట రాకపోయేసరికి మనకే ఇబ్బందిగా ఉండి, ‘టెన్షన్ పడకండి, అన్నీ సర్దుకుంటాయి’ అనేస్తాం. దాంతో ఆయన చెప్పబోయింది గొంతులోనే ఆగిపోతుంది. మళ్లీ ‘ఏం లేదు మేడమ్’ అంటే నిలదీయకండి. ‘సరే, చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. శుక్రవారం మళ్లీ ఫోన్ చేస్తాను’ అనండి. శుక్రవారం గుర్తుపెట్టుకుని చేయండి. మొదటి ఫోన్‌కే అన్నీ చెప్పేవాళ్లు తక్కువ. చెప్పిన రోజున మళ్లీ చేస్తేనే మీరు మొక్కుబడికి అడగలేదని ఆయనకు నమ్మకం కుదురుతుంది.

ఆయన చెప్పడం మొదలుపెడితే మీరు డాక్టరు పాత్ర తీసుకోనక్కర్లేదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఎవరితోనైనా ఈ సంగతి చెప్పుకున్నారా అని అడగండి చాలు. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ దెబ్బతినడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఇవన్నీ కలిసి కనిపిస్తుంటే డిప్రెషన్ అని అనుమానించి డాక్టర్‌ను కలవాల్సిందే. ఏకాగ్రత తగ్గడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. ఒకవేళ ఆయనది అదే అయితే, మార్కుల జాబితాలో తప్పులు దొర్లడం నిర్లక్ష్యం వల్ల కాదు.

ఇంకో మాట. ‘ఇంక బతికి ఏం లాభం’ లాంటి మాటేదైనా వస్తే వినీ విననట్టు ఊరుకోకండి. ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినవాళ్లు ఒకరున్నారన్న ఊరటే కలుగుతుంది. అవునంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా మాట్లాడుతూనే ఇంట్లోవాళ్లు ఎవరైనా పక్కకు చేరేలా చూడండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇప్పటికిప్పుడే ప్రమాదం అనిపిస్తే ఎమర్జెన్సీ సాయం పిలవాలి. ఆయన చెప్పిన మిగతా విషయాలన్నీ మీ మధ్యే ఉంచండి. ఈ ఒక్క విషయంలో మాత్రం ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి.

పని సంగతి కూడా తేల్చాలి, ఎందుకంటే మార్కుల్లో తప్పు పడితే నష్టపోయేది విద్యార్థి. కొన్ని వారాల పాటు ఆయనకు మార్కుల నమోదు కాకుండా, తప్పు దొర్లినా వెంటనే దిద్దుకోగలిగే పని ఇవ్వండి. ఇది శిక్ష కాదని, ఫలానా తేదీన మళ్లీ మాట్లాడుకుని మార్చుకుందామని ముందే చెప్పండి. అలాగే నమోదు ఎవరు చేసినా మరొకరు సరిచూసే పద్ధతి సెక్షన్ మొత్తానికీ పెట్టండి. అప్పుడు ఆయన ఒక్కరినే వేలెత్తి చూపినట్టు ఉండదు.

ఇక ఉదయం హాజరు. దాన్ని తీసేయమనే నా సలహా. మీరు చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదని తెలుసు, పైవాళ్ల ఒత్తిడీ అర్థమవుతోంది. కానీ కెమెరాలో కనబడినంత మాత్రాన మనిషి ఎలా ఉన్నాడో తెలియదు, పని జరుగుతోందో లేదో అసలే తెలియదు. వీడియో మీటింగులు ఎందుకంత అలసట తెప్పిస్తాయో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. అన్ని ముఖాలూ అతి దగ్గర నుంచి మన వైపే చూస్తున్నట్టుండటం, తెర మీద మన ముఖం మనకే అదేపనిగా కనబడటం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, ఎదురెదురుగా ఉంటే అప్రయత్నంగా తెలిసిపోయే సైగలను ఇక్కడ ప్రయత్నపూర్వకంగా గ్రహించాల్సి రావడం అని నాలుగు కారణాలు చూపారు. మనసు బాగోలేని వాళ్లకు వీటిలో రెండోది మరీ కష్టం. వాడిపోయిన తన ముఖాన్ని తానే చూసుకుంటూ అరగంట కూర్చోవాలి మరి.

మీ సెక్షన్‌లో పని దానంతటదే కనబడుతుంది. ఎన్ని మార్కుల జాబితాలు పూర్తయ్యాయి, ఎన్ని రీవాల్యుయేషన్ దరఖాస్తులు మిగిలాయి అన్నది అందరూ చూడగలిగే ఒక షీట్‌లో పెడితే సాయంత్రం రిపోర్టుతో పనే లేదు. వారానికి ఒక్క మీటింగ్ పెట్టుకోండి, కెమెరా ఎవరిష్టం వాళ్లది. మిగతా సమయంలో రోజుకు ఇద్దరికి చెరో పది నిమిషాలు ఫోన్ చేయండి, వారంలో తొమ్మిది మందీ పూర్తవుతారు. ఈ మార్పును సర్క్యులర్‌లా పంపకుండా మీ నోటితో చెప్పండి. ‘ఆ పద్ధతి మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందని అర్థమైంది, అందుకే తీసేస్తున్నాను’ అని మీరంటే వాళ్ల దృష్టిలో మీరేం తగ్గరు.

చంటిబిడ్డ తల్లి విషయంలో మీరూ నేనూ ఊహించుకునే కంటే ఆమెనే అడగడం మేలు. బిడ్డ నిద్రపోయాక దొరికే ఆ కాస్త ప్రశాంతమైన సమయంలో పనిచేసుకోవడం ఆమెకే ఇష్టమైతే చేసుకోనివ్వండి, కానీ ఆ మెయిల్స్ పొద్దున్నే అందరికీ చేరేలా టైమ్ పెట్టమనండి. అలా కాక పగలు హాజరు, రాత్రి పని అని రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు ఉంటే తప్పు ఆమెకు అప్పగించిన పనిలో ఉంది. ఏ వేళల్లో పనిచేయగలదో ఆమెనే చెప్పమని, మిగతా వేళల్లో ఫోన్ చేయకండి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పని వేళల తర్వాత ఆఫీసుకు అందుబాటులో లేకుండా ఉండే హక్కు చట్టంలోనే ఉంది. మీ సెక్షన్‌లో దానికి చట్టం దాకా పోనక్కర్లేదు. మీరు రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపులో మెసేజ్ పెట్టడం మానేస్తే సగం పని అయిపోతుంది. ‘రేపు చూసినా పర్లేదు’ అని రాసి పంపినా సరే, మీరు పంపారంటే వాళ్లు ఆ రాత్రే చూస్తారు.

కింది వాళ్లను చూసుకోవాలా, పని రాబట్టాలా అని అడిగారు. ఈ రెండింటికీ పొత్తు కుదరదన్న లెక్క మీది కాదు, పైనుంచి వచ్చిన ఆ మాటది. రిజిస్ట్రార్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఆధారాలుండాలి. స్టాన్‌ఫర్డ్‌కే చెందిన నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ కాల్ సెంటర్ ఉద్యోగుల మీద తొమ్మిది నెలలు ప్రయోగం చేసి 2015లో ఫలితాలు ప్రచురించింది. ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం మెరుగుపడింది. అయితే ప్రయోగం ముగిశాక మీ ఇష్టం వచ్చినట్టు ఎంచుకోండి అంటే, సగానికి పైగా తమ నిర్ణయం మార్చుకున్నారు. తిరిగి ఆఫీసుకు వెళ్లాలనుకున్నవాళ్లు చెప్పిన కారణాల్లో ఒంటరితనం ముఖ్యమైనది. అంటే పని ఆగిపోతుందన్న భయం కంటే మనుషులు ఒంటరులవుతారన్న సంగతి మీద శ్రద్ధ పెట్టాలి. అందుకే వీలున్నవాళ్లు వారంలో ఒకరోజు ఆఫీసులో కలుసుకునే ఏర్పాటు అడగండి. ఆ రోజు అందరికీ ఒకటే కావాలి, తలో రోజు వస్తే ఖాళీ గదిలో కూర్చున్నట్టే ఉంటుంది.

రిజిస్ట్రార్ దగ్గరికి ఒకే పేజీ తీసుకెళ్లండి. ఎంతమంది ఉన్నారు, ఈ సెమిస్టర్‌లో ఎంత పని ఉంది, ఫలితాల తేదీకి ఎన్ని రోజులుంది అని రాసి, ‘వీటిలో ముందేది కావాలి, వెనక్కి జరపగలిగేది ఏది?’ అని అడగండి. యూనివర్సిటీలు చాలాసార్లు శనివారం ఓ వెల్‌నెస్ వెబినార్ పెట్టి సిబ్బంది సంక్షేమం చూశామనుకుంటాయి. పని తగ్గకుండా సెలవు రోజు మీద ఇంకో గంట పడితే విసుగే మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను జబ్బుల్లో చేర్చలేదు. సరిగ్గా సంబాళించకుండా వదిలేసిన దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే స్థితి అని నిర్వచించింది. కాబట్టి దాని మందు కూడా పనిలోనే వెతకాలి.

విద్యార్థుల కోసం ఉన్న కౌన్సెలింగ్ సెంటర్ సిబ్బందికి అందుబాటులో ఉందో లేదో కూడా కనుక్కోండి. రోజూ ఎదురుపడే సహోద్యోగికే తమ బాధ చెప్పుకోవడానికి చాలామంది జంకుతారు, బయటి కౌన్సెలర్లను పెట్టమంటే ఇంకా మంచిది. ఇంకొకటి, ఇళ్లలో మంచం అంచున కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లు మీ సెక్షన్‌లోనూ ఉండే ఉంటారు. ఆఫీసులో మంచి కుర్చీలు, మానిటర్లు ఖాళీగా పడున్నాయి. వాటిని సంతకం పెట్టించుకుని ఇళ్లకు ఇవ్వడానికి అనుమతి తీసుకోండి. మెడనొప్పి తగ్గితే మనసుకూ కొంత తెరిపి.

చివరిగా మీ సంగతి. మీవారి మాటను నేను నిందగా వినలేదు. మీరు కావాలని అడుగుతున్నారు ఆయన. ఏదో ఒక పూట తీరిగ్గా కూర్చుని, ‘నాకు ఏడుపొస్తోంది’ అని నాకు రాసిన మాట ఆయనకూ చెప్పండి. ఆయనకు కనబడేది మీ ఫోన్ మాత్రమే, మీ ఏడుపు బహుశా ఆయనకు తెలియదు. ఎనిమిది తర్వాత ఫోన్ ఇంకో గదిలో ఉంటుందని, ఫలితాల వారం మాత్రం మినహాయింపని ఇద్దరూ కలిసి అనుకోండి. నిజంగా అత్యవసరమైతే ఎవరు, ఏ నంబరుకు చేయాలో సెక్షన్‌కు చెప్పి ఉంచితే ఆ తర్వాత వచ్చే ప్రతి మెసేజ్‌కూ మీరు ఉలిక్కిపడనక్కర్లేదు.

యూనివర్సిటీలో మీలాంటి సెక్షన్ ఆఫీసర్లు ఇంకా ఉన్నారు. అకౌంట్స్‌లోనో అడ్మిషన్స్‌లోనో మీకు చనువున్న ఒకరిద్దరితో వారానికోసారి మాట్లాడుకోండి, మీ కింది వాళ్లకు చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకోవచ్చు. డిప్రెషన్ గురించి పైన రాసిన గుర్తులు మీకూ వర్తిస్తాయి. పని తగ్గించుకున్నాక కూడా ఈ ఏడుపు రెండు వారాలు దాటి సాగితే, నిద్ర పట్టకపోతే, మీ సహోద్యోగికి చెప్పమన్నదే మీకూ చెబుతున్నాను, డాక్టర్‌ను కలవండి. ఫలితాలు విడుదలైన మర్నాటి నుంచి మూడు రోజులు సెలవు పెట్టండి. ఆ మూడు రోజులూ సెక్షన్ ఎవరు చూడాలో ఇప్పుడే అప్పగించండి.