పీహెచ్ ఒక్కటే ఉంటే సీఓటూ లెక్క తేలదు

తమ్ముడూ, 30 లక్షల ఏళ్ల నాటి ఫోరామినిఫెరా (సముద్రంలోని సూక్ష్మజీవులు) గుల్లల బోరాన్ నుంచి అప్పటి సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్లత కొలత) వచ్చింది గానీ అప్పటి గాలిలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) ఎంతో తేలట్లేదు, ఎస్వీ యూనివర్సిటీలో సెమినార్ దగ్గరపడింది అన్నావు కదా, టెన్షన్ వద్దు. నీ దగ్గర ఒక సంఖ్య తక్కువ ఉంది, అంతే. కార్బొనేట్ లెక్కలో, అంటే నీటిలో కరిగిన కార్బన్ లెక్కలో, ఏవైనా రెండు తెలిస్తేనే మిగతావి వస్తాయి. రెండోదిగా ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) పెట్టు, ఇప్పటి సముద్రంలో కిలో నీటికి దాదాపు 2300 మైక్రోమోల్. అప్పుడూ అంతే ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగనీ. అందులో 5 శాతం తేడా ఉంటే సీఓటూలోనూ అటూ ఇటుగా అంతే తేడా, అదే పీహెచ్ 0.1 తప్పితే సుమారు నాలుగో వంతు మారిపోతుంది, కాబట్టి జాగ్రత్త పడాల్సింది అక్కడ.

ఈ లెక్కకు కావాల్సిన నీటి ఉష్ణోగ్రతను అవే గుల్లల మెగ్నీషియం-కాల్షియం నిష్పత్తి నుంచి తీసుకో. బోరాన్ నుంచి పీహెచ్ తీయడానికి కావాల్సిన సముద్రపు బోరాన్ ఐసోటోపు విలువ (బరువైన, తేలికైన బోరాన్ పరమాణువుల నిష్పత్తిని చెప్పేది) ఇప్పటిదే, 39.6 పర్ మిల్ (వెయ్యికి ఇంత అని), వాడొచ్చు, ఎందుకంటే బోరాన్ సముద్రంలో కోటి ఏళ్లకు పైనే నిలుస్తుంది. ఐదు కోట్ల ఏళ్ల వెనక్కి పోతే మాత్రం కుదరదు.

ఇంకోటి, నీ శాంపిల్ ఒమన్ తీరానిదైతే వదిలెయ్యప్పా. అక్కడ లోతు నీళ్లు పైకొచ్చి సీఓటూని గాల్లోకి వదులుతాయి, లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎవరైనా ఈ బోరాన్ పద్ధతినే అనుమానిస్తే, దీని ఫలితాలను 8 లక్షల ఏళ్ల అంటార్కిటికా మంచు బుడగల్లోని గాలి కొలతలతో పోల్చిన గ్రాఫ్ ముందు పెట్టు.