ఎన్చిలాడా సాస్ చేస్తానంటున్న సింధుకి

చిట్టీ సింధూ,

వచ్చే శనివారం మీ ఆఫీసు అమ్మాయినీ వాళ్ళమ్మనీ భోజనానికి పిలిచావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. ఆవిడది మెక్సికోలో ప్యూబ్లా అనీ, ఆవిడకి నువ్వు ఎన్చిలాడాలు, అదే సాస్‌లో ముంచి చుట్టే మొక్కజొన్న రొట్టెలు, చేసి పెడతావనీ, సాస్ కూడా డబ్బాది కాకుండా ఇంట్లోనే చేస్తావనీ విన్నాక నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ప్యూబ్లా అంటే మోలేకి, అంటే ఎండుమిరపకాయలతో చేసే చిక్కటి సాస్‌కి, పేరుపడ్డ ఊరు. ఆ ఊరి మనిషికి ఎండుమిరపకాయల సాస్ వండి పెడతావా? హాయిగా పులిహోర, గుత్తివంకాయ కూర చేస్తే పోయేది కదే! అయినా నువ్వు ఒకటి అనుకున్నాక వినే రకం కాదు. మొన్నమొన్నటిదాకా కుక్కర్ మూత పెట్టడానికి భయపడ్డ పిల్ల ఇంత సాహసం చేస్తోందా అని రాత్రి మీ పెద్దనాన్నతో చెప్పుకుని మురిసిపోయాను కూడా.

ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు. అందుకే రాస్తున్నా.

ముందు మిరపకాయలు. గ్వాహీయో, ఆంచో రెండు రకాలు చాలు. మీ డాలస్‌లో మెక్సికన్ కొట్లకి కరువేం లేదు. గ్వాహీయో పొడుగ్గా, నున్నగా, ఎర్రగా ఉంటుంది. ఆంచో అంటే పండిన పొబ్లానో మిరపకాయని ఎండబెట్టింది. వెడల్పుగా, ముడతలు పడి, నల్లగా ఉంటుంది. కాయని వంచితే వంగాలి. పెళుసుగా విరిగిందంటే పాత సరుకు, కొనకు. పద్దెనిమిది టోర్టిలాలకి, అంటే ఆ రొట్టెలకి, పది గ్వాహీయోలు, ఐదు ఆంచోలు సరిపోతాయి. మన కారం డబ్బా మాత్రం ఆ రోజు పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు. ఆంచో ఘాటు, మిరపకారం కొలిచే స్కోవిల్ లెక్కలో 1000 నుంచి 2000. మన గుంటూరు సన్నం 35,000 దాటుతుంది. ఈ కాయలు వేసేది రంగుకీ, వాసనకీ, చిక్కదనానికీ. ఆ సంగతి ఒంటపట్టడానికి మన తెలుగువాళ్ళకి కొంచెం టైం పడుతుంది. మీ అమ్మకైతే చాలానే పట్టింది.

ఆ కథ నీకు ఎవరూ చెప్పి ఉండరు. అప్పటికి నీకు ఆరేళ్ళు. వేసవి సెలవులకి మీరిద్దరూ శాన్ ఆంటోనియోలో మా ఇంటికి వచ్చారు. మా పక్కింటావిడ మెక్సికోలోని మాంటెరే మనిషి. ఓ సాయంత్రం ఎన్చిలాడాలు పంపింది. మీ అమ్మ తిని, "ఇదెంతక్కా, రేపు నేను చేస్తా" అంది. పచ్చళ్ళలో దాని చెయ్యి ఎలాంటిదో నీకు తెలుసుగా. మర్నాడు నేను కొని తెచ్చిన ఆంచోలు చూసి, "ఇవేం మిరపకాయలు, పాడైపోయిన ఖర్జూరాల్లా ఉన్నాయి" అని ఒకటి కొరికి, "కారమే లేదు" అని పెదవి విరిచింది. నేను పెరట్లో బట్టలు తీస్తున్నా. అది మూకుడులో నూనె పోసి, మంట పెద్దది చేసి, ఆ కాయలన్నీ వేసేసింది. పచ్చడికి వేయించినట్టు వేయించాలనుకుంది. అవి పల్చటివి కదా, చూస్తుండగానే నల్లబడ్డాయి. ఘాటు రాలేదని ఊరినించి తెచ్చుకున్న గుంటూరు మిరపకాయలు గుప్పెడు అందులోనే పడేసింది.

ఇంక చూసుకో పొగ! స్మోక్ అలారం మోత పెరట్లోకి వినపడి పరిగెత్తుకొచ్చాను. నువ్వు ముందు గదిలో సోఫా మీద నిద్రపోతున్నావు. లేచి దగ్గు మొదలెట్టావు, ఆ దగ్గు పిల్లికూతల్లోకి దిగింది. నిన్ను ఎత్తుకుని బయట మెట్ల మీద కూర్చున్నా. లోపల మీ అమ్మ ఇన్‌హేలర్ కోసం సూట్‌కేసులోవన్నీ నేల మీద కుమ్మరిస్తోంది. నువ్వు ఊపిరి తీస్తుంటే మెడ కింద గుంట లోపలికి పోవడం ఇప్పటికీ నాకు కనపడుతుంది. పక్కింటావిడ ఎలా తెలుసుకుందో ఏమో, వచ్చి పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, మూకుడు పెరట్లో పెట్టింది. ఇన్‌హేలర్ దొరికాక కాసేపటికి సర్దుకున్నావు, ఐస్‌క్రీం కావాలన్నావు.

మీ అమ్మ మొండితనం చూడు, ఆ మాడిన కాయల్నే రుబ్బింది. చేదు. చక్కెర వేసింది, బెల్లం వేసింది, చింతపండు రసం పోసింది. గిన్నె నిండింది కానీ మాడిన చేదు పోలేదు. అది పోదు కూడా. మొత్తం పారబోశాం. ఆ రాత్రి అది నీ గుండె మీద చెయ్యి వేసుకుని తెల్లారేదాకా కూర్చుంది. ఇది నేను రాశానని దానితో అనకు, ఇప్పటికీ బాధపడుతుంది.

కాబట్టి సింధూ, ఆ కాయలు వేయించే పని నువ్వు పెట్టుకోకు. అల్లుడికి చెప్పు. తొడిమలు తుంచి, గింజలు దులిపి, పొడి పెనం మీద మధ్యస్తం మంటలో ఒక్కో వైపు పదిహేను ఇరవై సెకన్లు. వాసన రాగానే తీసెయ్యాలి. కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, నువ్వు బాల్కనీలో ఉండు. అతనికి కుదరకపోతే అసలు వేయించడమే మానెయ్. ఊరికే నానబెట్టినా సాస్ అవుతుంది, కాస్త వాసన తగ్గుతుంది, అంతే. ఇందులో నాతో వాదించకు.

మరిగిన నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టు, పైన పళ్ళెం బోర్లించు. నానిన నీళ్ళు రుచి చూడు, చేదుగా ఉంటే పారబోసి మంచినీళ్ళు వాడు. వెల్లుల్లి నాలుగు రెబ్బలు, సగం ఉల్లిపాయ కాల్చి, మెక్సికన్ ఒరెగానో చిటికెడు వేసి మెత్తగా రుబ్బు. పిజ్జా మీద చల్లే ఒరెగానో వేరు, దాని వాసన వేరు. జీలకర్ర అర చెంచా మించకూడదు. మన చెయ్యి జీలకర్ర దగ్గర ఆగదు. ఇక్కడి టెక్సాస్ వంటలో అది చెల్లుతుంది గానీ, ప్యూబ్లా వైపు అంత వాడరు. మిక్సీలో వేడి వేడిగా నిండా పొయ్యకు. ఆవిరికి మూత ఎగిరి ఎర్రటి సాస్ గోడ మీద పడిందంటే నీ అపార్ట్‌మెంట్ డిపాజిట్ సంగతి మర్చిపోవచ్చు. తర్వాత జల్లెడలో వడకట్టు. బద్ధకించావా, తొక్కలు గొంతులో అంటుకుంటాయి.

ఇక్కడ చాలామంది ఆపేస్తారు. అసలు రుచి దీని తర్వాతే. మూడు చెంచాల నూనె కాచి, రుబ్బిన ముద్ద అందులో పొయ్యి. చిట్లుతుంది, మూత అడ్డం పెట్టుకో. అంచుల్లో నూనె తేలేదాకా, ఎరుపు ఇటుక రంగుకి దిగేదాకా పది నిమిషాలు కలుపుతూ ఉండు. పచ్చివాసన పోయాక నాలుగు కప్పుల కూరగాయల స్టాక్ పోసి సన్న మంటన పావుగంట ఉంచు. అల్లుడు తినడు కాబట్టి చికెన్ స్టాక్ వద్దు. ఉప్పు, రెండు చుక్కల వెనిగర్ ఆఖర్న.

యూట్యూబ్‌లో గోధుమపిండి వేయించి చేసేది చూసి ఉంటావు. అది టెక్స్-మెక్స్, అంటే టెక్సాస్ తరహా మెక్సికన్ వంటలో చేసే చిల్లీ గ్రేవీ. మా పక్కన న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గెబ్‌హార్ట్ అనే ఆయన 1890లలో చిల్లీ పౌడర్ అమ్మడం మొదలెట్టాక అలాంటి వంటలు ఈ వైపు బాగా పాకాయి. నాకు అదీ ఇష్టమే, తక్కువేం కాదు. కాకపోతే శనివారం వచ్చే ఆవిడకి అది వద్దు.

టోర్టిలాలు మొక్కజొన్నవే. నూనెలో ఓ క్షణం తిప్పి, సాస్‌లో ముంచి, చీజ్, ఉల్లిపాయ పెట్టి చుట్టెయ్. వాళ్ళు కూర్చున్నాకే చుట్టు, ముందే చుడితే నాని ముద్దవుతాయి. సాస్ మాత్రం శుక్రవారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో, శనివారం టెన్షన్ ఉండదు. ఆవిడ ఏదైనా సలహా చెబితే "అవునాండీ" అని విను, మధ్యలో దూరకు.

రెండింతలు చేసి సగం ఫ్రీజర్‌లో దాచు. వచ్చే నెల మేం అటు వస్తున్నాం. పెద్దనాన్నకి పొద్దున్నే వేయించిన గుడ్ల మీద ఆ సాస్ పోస్తే ఇంకేం అడగరు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ