షేక్‌స్పియర్ పాత్రలు ‘యూ’ నుంచి ‘దౌ’కు ఎందుకు మారతాయి?

ఒకే పాత్ర ఎదుటి మనిషిని కాసేపు ‘యూ’ అని, కాసేపు ‘దౌ’ అని ఎందుకు అంటుందని అడిగారు. ‘దౌ’ అంటే నువ్వు. ఒక్కరినే ‘యూ’ అంటే మీరు. తెలుగువారికి ఈ తేడా నేటి ఇంగ్లీషువారికంటే త్వరగా అందుతుంది.

1600 నాటికి మర్యాదస్తుల మధ్య ‘యూ’ మామూలు పిలుపైపోయింది. అందువల్ల ‘దౌ’ వచ్చినచోట ఆగి చూడాలి. ప్రేమ, కోపం, చులకన, ఏదో ఒకటి ఉంటుంది. దేవుణ్ని మాత్రం ఎప్పుడూ ‘దౌ’ అనే వేడుకునేవారు, మనం ‘నీవు’ అన్నట్టే. ఇది నాటకాలకే పరిమితమైన సంగతి కాదు. 1603లో నావికుడు, కవి సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ విచారణలో ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ ఆయనను కావాలనే ‘దౌ’ అని అవమానించాడు.

‘కింగ్ లియర్’ తొలి రంగం చదవండి. కొలువులోని ప్రభువు కెంట్ మొదట రాజు లియర్‌ను ఎంతో గౌరవంగా సంబోధిస్తాడు. లియర్ చిన్న కూతురిని కాదని, తన మాటా వినకపోయేసరికి, ‘ముసలివాడా, నువ్వేం చేయబోతున్నావు?’ అని ‘దౌ’లోకి దిగుతాడు. నిండు కొలువులో రాజుకు ఏకవచనం! ఆ నాటకంలో నాకు అన్నిటికంటే సాహసంగా తోచే మాట అదే. నేటి ఇంగ్లీషులోకి మార్చిన ప్రతుల్లో అంతటా ‘యూ’యే ఉంటుంది కాబట్టి ఆ తెగింపు కనబడదు. మూలాన్ని పక్కన పెట్టుకోండి.

‘దీ’, ‘దై’ కూడా ‘దౌ’ రూపాలే: నిన్ను, నీ. ‘హాస్ట్’ (నేటి ‘హ్యావ్’) నువ్వుకు చెందిన క్రియ, ‘హాత్’ (నేటి ‘హ్యాజ్’) అతను, ఆమెలకు చెందినది.