కాయిల్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

కరెంటు పారే తీగ చుట్టూ ఉంగరంలా తొడిగి, క్షణకాలం వచ్చిపోయే పల్స్ కరెంటును కొలిచే చుట్ల తీగ, రోగోవ్‌స్కీ కాయిల్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. కానీ మూడో పేరాలో "ఈ కాయిల్ కరెంటును కొలుస్తుంది" అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను.

కరెంటు ఎంత ఉందో కాయిల్‌కు తెలియదు. ఎంత వేగంగా మారుతోందో మాత్రమే తెలుస్తుంది. తీగలో 10 వేల ఆంపియర్లు నిలకడగా పారుతున్నా కాయిల్ కొసల మధ్య వోల్టేజీ సున్నాయే. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుత్ ప్రేరణ తీరే అంత. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే, మరి కరెంటు విలువ ఎలా తెలుస్తుందని పాఠకుడే అడిగేవాడు. కాయిల్ వోల్టేజీని కూడబెట్టే సర్క్యూట్, ఇంటిగ్రేటర్, ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చేది. ఇప్పుడు నీ వ్యాసంలో అది పిలవని పేరంటానికి వచ్చినట్టుంది.

పాఠకులు బెదురుతారని అంకెలన్నీ తీసేశావు. కొన్ని ఉండాలి. మీటరుకు 1000 చుట్లు, ఒక్కో చుట్టు వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు అనుకో. అన్యోన్య ప్రేరకత్వం, అంటే తీగలో కరెంటు మారే వేగానికి కాయిల్‌లో ఎంత వోల్టేజీ పుడుతుందో చెప్పే అంకె, సుమారు 0.126 మైక్రోహెన్రీ. కరెంటు 10 మైక్రోసెకన్లలో సున్నా నుంచి 10 వేల ఆంపియర్లకు ఒకే వేగంతో ఎక్కితే, ఎక్కుతున్నంతసేపూ కాయిల్ 126 వోల్టులు ఇస్తుంది. పైకి చేరి నిలబడిందా, వోల్టేజీ మాయం. ఆ కొద్దిసేపటి వోల్టేజీని క్షణక్షణం కూడబెడితేనే 10 వేల ఆంపియర్ల లెక్క తేలుతుంది. సమాకలనం అంటే ఈ కూడబెట్టడమే. ఆ పదాన్ని దీని తరవాతే వాడు.

ఇక నువ్వు అసలు తాకని చోటికి వస్తాను. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో ఇంటిగ్రేటర్ కట్టి, దాని కాలస్థిరాంకం, అంటే కెపాసిటర్ ఎంత మెల్లగా ఖాళీ అవుతుందో చెప్పే కాలం, 1 మిల్లీసెకను పెట్టామనుకో. 100 మైక్రోసెకన్లు సమంగా నిలబడే పల్స్‌ను కొలిస్తే, వోల్టేజీ కాలంతో మారే తీరును గీతగా చూపే ఆసిలోస్కోప్ మీద దాని తల దాదాపు 10 శాతం వాలిపోయి కనిపిస్తుంది. పల్స్ ముగిశాక గీత సున్నా కిందికి దిగి, మెల్లగా పైకి వస్తుంది. నా తొలి వ్యాసాల్లో ఒకదానిలో ఆ దిగుడును ఎదురు కరెంటు అని రాశాను. తీగలో అలాంటి కరెంటు లేనే లేదు. కెపాసిటర్ తన మీద చేరినదాన్ని కొంచెం కొంచెంగా వదిలేయడం వల్ల ఏర్పడిన గీత అది. అచ్చయిన ఆ పేజీ ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే నీకు ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ఆంప్లిఫయర్‌తో కట్టిన ఇంటిగ్రేటర్‌లో ఈ వాలు బాగా తగ్గుతుంది. కానీ అది సిగ్నల్‌తో పాటు దోషాన్నీ కూడబెడుతుంది. అదే కాలస్థిరాంకంతో, ఇన్‌పుట్ దగ్గర 1 మిల్లీవోల్టు తేడా ఉన్నా ఒక్క సెకనులో 1 వోల్టు పేరుకుంటుంది. అందుకే పల్స్‌కు సరిగ్గా ముందు దాన్ని సున్నా చేస్తారు.

చరిత్రకు అరపేజీ ఎక్కువ. ఇలాంటి కాయిల్ గురించి 1887లో చాటక్, 1912లో రోగోవ్‌స్కీ, స్టైన్‌హాస్ రాశారని ఒక వాక్యం చాలు. మిగిలిన చోటును తిరుగు తీగకు ఇవ్వు. చుట్టు ముగిసిన కొస నుంచి తీగను చుట్ల మధ్యగా మొదటికి ఎందుకు తెస్తారో నువ్వు చెప్పలేదు. తేకపోతే కాయిల్ మొత్తం ఒకే పెద్ద వలయంగా మారి, బయటి అయస్కాంత క్షేత్రాలనూ పట్టేస్తుంది. ఇనుప కోర్ లేదు కాబట్టి ఎంత పెద్ద కరెంటుకైనా సంతృప్తం కాదన్న (అయస్కాంతత్వం ఇక పెరగని స్థితికి చేరదన్న) నీ వాక్యం మాత్రం చక్కగా ఉంది, దాన్ని కదపకు.

తిరగరాసేటప్పుడు ముందు మూడు గీతలు ఒకదాని కింద ఒకటి, ఒకే కాలరేఖ మీద గీసుకో: తీగలో కరెంటు, కాయిల్ ఇచ్చిన వోల్టేజీ, ఇంటిగ్రేటర్ నుంచి వచ్చినది. వ్యాసంతో పాటు ఆ కాగితం కూడా పంపు, నేను ముందు దాన్నే చూస్తాను.

శుభాకాంక్షలతో.