మీ బాపుకు పరీక్షలు పెట్టకు

హనుమకొండ

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పిన మాటలు రాత్రంతా చెవుల్లోనే ఉన్నాయి. ఎదురుగా ఉన్న చెంబును చూసి బాపు "ఇదేంది?" అన్నాడని, నీ మొహం చూసి కూడా ఎవరో పరాయి మనిషి వచ్చినట్టు కూర్చున్నాడని. మెదడు వెనక భాగంలో రక్తనాళం మూసుకుపోయిందని డాక్టర్ చెప్పాడన్నావు కదా. ఆరేళ్ల కింద మీ పెద్దబాపుకు వచ్చిందీ అదే. నేను చేసిన తప్పులు నువ్వు చేయకూడదని రాస్తున్నా. ఫోన్లో అయితే మధ్యలో ఇద్దరం ఏడుపు అందుకుంటాం.

ముప్ఫై ఏళ్లు బడిలో కన్ను పాఠం చెప్పినదాన్ని. బోర్డు మీద కటకం, రెటీనా గీసి, వెనక నుంచి దృక్ నాడిని ఒక గీతలా లాగి, "ఇక్కడి నుంచి మెదడుకు పోతుంది" అని సుద్దముక్క పక్కన పెట్టేసేదాన్ని. అసలు కథ ఆ గీత ఆగిన చోటే మొదలవుతుందని ఇంట్లో పడ్డాక గానీ తెలియలేదు.

కంట్లో పడ్డది తల వెనక్కి చేరుతుంది. అక్కడి కణాలు చెంబును చూడవు. ఒకటి నిలువు గీతకు, ఇంకొకటి వాలు గీతకు, ఇట్లా ముక్కలు ముక్కలుగా పలుకుతాయి. హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు పిల్లుల మెదడులో దీన్ని కనిపెట్టారు, 1981లో నోబెల్ కూడా వచ్చింది. ఆ తర్వాత రెండు దార్లు. పైకి పోయేది వస్తువు ఎక్కడుంది, చెయ్యి ఎట్లా చాపాలి అని చూసుకుంటుంది. కింది నుంచి చెవి వైపు పోయేది అదేమిటో తేలుస్తుంది. కాకతీయ తోరణాన్ని కోటలో ఎదురుగా చూసినా, పక్క నుంచి చూసినా, సర్కారు కాగితం మీద గోరంత ముద్రలో చూసినా తోరణమే అంటాం. కంట్లో పడే బొమ్మ మాత్రం ప్రతిసారీ వేరే. బొమ్మలో జంతువు ఉందా లేదా అన్న తేడా మెదడులో 150 మిల్లీసెకన్లకే కనిపిస్తుందని ఫ్రాన్స్‌లో సైమన్ థోర్ప్ వాళ్లు 1996లో చూపించారు. అంటే సెకనులో ఆరో వంతు కంటే తక్కువ. అంత తొందరగా అయిపోతుంది కాబట్టే అదొక పని అని కూడా మనకు తోచదు.

మీ పెద్దబాపుకు దెబ్బ తగిలింది ఆ కింది దారిలో. మొదట మాకు అర్థం కాక కళ్లద్దాలు రెండుసార్లు మార్పించాం, డబ్బులు పోయాయి అంతే. తర్వాత ఒక డాక్టరమ్మ తాళం కప్ప బొమ్మ ఇచ్చి చూసి గీయమంది. కొక్కెంతో సహా చక్కగా గీశారు. ఇదేమిటని అడిగితే, "గీసిన గానీ, గిదేందో ఎరుకైతలేదు" అన్నారు. ఆకారమే కూడకపోవడం వేరు, ఆకారం కూడినా అర్థం తగలకపోవడం వేరు అని లిసావర్ అనే జర్మన్ డాక్టర్ 1890లోనే రాశాడట. మీ బాపుది ఏ రకమో డాక్టర్‌ను అడుగు. అడగకపోతే వాళ్లు చెప్పరు, వాళ్లకు టైం ఉండదు.

ఒక రోజు బల్ల మీద తాళాల గుత్తి పెట్టాను. ఆయన వంగి చూశారు. "పొడుగ్గుంది, మెరుస్తోంది, పళ్లున్నాయి... దువ్వెనా?" అన్నారు. నేను విసుగ్గా దాన్ని తీయబోతే గలగలమంది. తల కూడా ఎత్తకుండా "బీరువా తాళాలు, అక్కడ పెట్టకు" అన్నారు. నాకు ఆ రోజు దారి దొరికింది. కళ్ల తలుపు మూసుకుపోతే చెవి ఉంది, చెయ్యి ఉంది, ముక్కు ఉంది. చెంబు చూపించి అడగకు, చేతికివ్వు. కూర పేరు చెప్పకు, మూత తీసి వాసన తగలనివ్వు.

నా పెద్ద తప్పు చెబుతా విను. తొందరగా నయం కావాలని పళ్లెంలో గరిటె, చెంచా, సబ్బు, అగ్గిపెట్టె పెట్టి, చుట్టాల ముందే "ఇదేంటి, మరి ఇదేంటి?" అని అడిగేదాన్ని. టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది! వారం తిరిగేసరికి ఆయన గది దాటి రావడం మానేశారు. డాక్టర్ చేయించే అభ్యాసం వేరు, నలుగురిలో నిలబెట్టి అడగడం వేరు.

ప్రతి వస్తువుకూ ఒక జాగా పెట్టు. బ్రష్షు ఎప్పుడూ ఎడమ గూట్లోనే ఉంటే దాన్ని గుర్తుపట్టాల్సిన పనే లేదు. మీ అమ్మకు శుభ్రం పిచ్చి కదా, పది రోజులకోసారి ఇల్లంతా సర్దుతుంది. ఆ పని ఆపమని నా మాటగా చెప్పు. ఫినాయిల్, యాసిడ్ సీసాలు మాత్రం అందే చోట ఉండొద్దు, తాళం వేసిన అరలో పెట్టండి. పక్క చూపు కొంత పోయి ఉండొచ్చు కాబట్టి కంటి డాక్టర్ దగ్గర ఫీల్డ్ టెస్ట్ చేయించు. అప్పటిదాకా స్కూటర్ తాళాలు నీ దగ్గరే పెట్టుకో, అలిగితే అలగనీ.

మొహాల సంగతి అన్నిటికంటే కష్టం. వాటికి మెదడు అడుగున, ఎక్కువగా కుడి వైపు, వేరే జాగానే ఉందట. నిన్ను గుర్తుపట్టకపోవడానికి ప్రేమ తగ్గడం కారణం కాదు. గదిలోకి వస్తూనే "బాపూ, నేనే" అను. గాజులు తీయకు. వచ్చినవాళ్లకు ముందే చెప్పు: "నేనెవరో చెప్పు చూద్దాం" అని ఆటలాడొద్దు, పేరు చెప్పి కూర్చోవాలి. మీ పెద్దబాపు తనను చూసి మొహం తిప్పుకున్నారని మా పెళ్లిళ్ల పేరయ్య అలిగి ఏడాది మాట్లాడలేదు. ఇప్పటికీ మీ పెద్దబాపు పక్కింటాయన దగ్గితే గానీ పోల్చుకోరు.

మొదటి కొన్ని నెలల్లో కొంత తిరిగి రావచ్చు, అంతా వస్తుందని మాత్రం నేను చెప్పను. మా ఇంట్లో చెంబు, గ్లాసు, తువ్వాల వచ్చాయి. ఫోటోలు రాలేదు.

ఆదివారం హుజూరాబాద్ మీదుగా వచ్చే పొద్దుటి బస్సుకు వస్తున్నా. సర్వపిండి తెస్తా, ఆయనకు ఇష్టం. గేటు దగ్గర నుంచే మాట్లాడుతూ వస్తాను. ఎవరొచ్చారో నువ్వు ముందే చెప్పకు.

మీ పెద్దమ్మ